అడుగులు లెక్కపెట్టి ఫోన్ ఇవ్వవచ్చునా?

సర్జాపుర తండ్రి:
మా అబ్బాయి తొమ్మిదో తరగతి. బస్సు దిగగానే ట్యూషన్, ట్యూషన్ అవగానే ఫోన్, రెండో అంతస్తుకు కూడా లిఫ్టే. అందుకని జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి వాడి చేతికి వాచీ కట్టి, రోజుకు 8,000 అడుగులు పడితేనే రాత్రి గంటసేపు ఫోన్ ఇస్తున్నాను. అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పడుతుందని లండన్ పరిశోధకులు తేల్చారు కాబట్టి, ఆ గడువు దాటాక ఈ షరతు ఎత్తివేద్దామనుకుంటున్నాను. బెంగళూరులో పిల్లల్ని పెంచుతున్న మనవాళ్ళ అభిప్రాయం తెలుసుకోవాలని రాస్తున్నాను.

పాత పీటీ మేష్టారు:
నాకు ఈ పద్ధతి నచ్చలేదండి. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు, బొమ్మలు గీయడం ఇష్టమైన చిన్నపిల్లల్లో కొందరికి బహుమతి ఆశ చూపి గీయించారు. కొన్నాళ్ళకు బహుమతి మాట లేకుండా రంగులు ముందు పెడితే, ఆ పిల్లలే మిగిలినవారికన్నా తక్కువసేపు గీశారు. తన ఇష్టంతో చేస్తున్నాననే భావన, నాకు చేతనవుతుందనే ధీమా, తోటివారి సాంగత్యం అనే మూడూ ఉంటేనే మనిషిలో ఉత్సాహం నిలుస్తుందని డెసి, ర్యాన్ అనే మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెప్పారు. మీ వాచీలో ఈ మూడింటిలో ఏది ఉంది?

సర్జాపుర తండ్రి:
ఆ పిల్లలకు ముందే ఇష్టం ఉంది, అది తగ్గింది. మావాడికి నడకంటేనే పడదు. లేని ఇష్టం ఎలా తగ్గుతుంది? 66 రోజుల సంగతి మీరు ఎత్తనే లేదు.

బొమ్మనహళ్ళి బ్రహ్మచారి:
ఆ లెక్కన నాకు కూడా ఫోన్ రాదు.

పాత పీటీ మేష్టారు:
ఎత్తుతాను. ఆ అధ్యయనంలో ఉన్న 96 మందీ పెద్దవాళ్ళు, అలవాటును ఎవరికి వారే ఎంచుకున్నవాళ్ళు. 66 అనేది సగటు మాత్రమే. అంచనాలు 18 నుంచి 254 రోజుల దాకా ఉన్నాయి, నీళ్ళు తాగడం వంటి వాటికన్నా వ్యాయామానికే ఎక్కువ కాలం పట్టింది. ముప్ఫై ఏళ్ళు పీటీ చెప్పినవాణ్ణి కాబట్టి ఇంకో మాట కూడా అంటాను. పరీక్షలు దగ్గరపడితే నా పీరియడ్ లెక్కలవారికి పోయేది. అప్పుడు ఒక్క తండ్రి కూడా వచ్చి అడగలేదు.

మూడో అంతస్తు:
మా ఇంట్లోనూ ఇదే షరతు ఉండేది. ఒకనాటి సాయంత్రం చూద్దును కదా, మావాడు సోఫాలో వెల్లకిలా పడుకుని టీవీలో క్రికెట్ చూస్తూ, వాచీ ఉన్న చేతిని మజ్జిగ చిలికినట్టు ఆపకుండా ఊపుతున్నాడు. ఓవర్ల మధ్య విరామంలో చెయ్యి మార్చుకున్నాడు కూడా. ఆ రోజే వాచీ తీసి బీరువాలో పెట్టాను.

హెబ్బాళ అమ్మ:
అందరూ అబ్బాయిల గురించే రాస్తున్నారు. ఈ వయసు పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలైనా చెమట పట్టేలా కదలాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. 2016 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ళ అబ్బాయిల్లో 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతం అంత కూడా కదలడం లేదు. మా అమ్మాయి ఏడో తరగతి వరకు షటిల్ బాగా ఆడేది. ఎనిమిదిలో నెలసరి మొదలయ్యాక, తెల్ల నిక్కరు వేసుకోనని రెండుసార్లు చెప్పి, మూడోసారి ఆటే మానేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు, నాతో సహా.

సర్జాపుర తండ్రి:
బాధాకరమే, కానీ మీ అమ్మాయి ఆట మానడానికి నా వాచీ కారణం కాదు కదా! నేను అడిగినది ఒకటి, ఇక్కడ నడుస్తున్నది మరొకటి.

మూడో అంతస్తు:
ఇద్దరం ఒకే అపార్ట్‌మెంటులో ఉంటున్నాం కాబట్టి ఈ మాట అనక తప్పడం లేదు. పోయిన ఏడాది వరకు మన పిల్లలు సెల్లార్‌లో రోజూ ఆడుకునేవారు. మీ అబ్బాయి వికెట్‌కీపరు, చీకటి పడ్డాక పేరు పెట్టి పిలిస్తే తప్ప పైకి వచ్చేవాడు కాదు. సంఘం కార్యదర్శిగా ‘బంతి ఆటలు నిషేధం’ అని అక్కడ బోర్డు పెట్టించింది మీరే. ఆ బోర్డు పెట్టిన చేత్తోనే ఇప్పుడు వాచీ కడుతున్నారు.

సర్జాపుర తండ్రి:
మా అమ్మగారి భుజానికి బంతి తగిలి పది రోజులు చెయ్యెత్తలేకపోయారు. అప్పుడు ఒక్కరైనా వచ్చి పలకరించారా? ఆడవద్దని నేననలేదు. నెల రుసుము కడితే కోచ్ దగ్గర, పెద్దల కళ్ళముందు ఆడుకోవచ్చు.

మూడో అంతస్తు:
అమ్మగారిని చూడటానికి రాకపోవడం మా తప్పే. కానీ పెద్దలు చూడని ఆట ఆటే కాదని మీరంటున్నారు, ఎవరూ చూడనప్పుడు ఆడేదే ఆటని నేనంటున్నాను. గొడవంతా ఇక్కడే ఉంది, అడుగుల్లో లేదు.

సర్జాపుర తండ్రి:
బోర్డు సంగతి సంఘం సమావేశంలో మాట్లాడుకుందాం. మేష్టారు గారూ, మావాడికి నేటితో 41 రోజులు. 254 అంటే సరిగ్గా వార్షిక పరీక్షల ముందు తేలుతుంది, అప్పటికి ట్యూషన్ వేళలు కూడా మారతాయి. మధ్యలో రెండు వారాలు ఆపితే మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టాలా?