కూత వినిపిస్తుంది, పిట్ట కనిపించదు: వసంతంలో మీరెలా చూస్తారు?

తొలిచూపు:
పక్షులను చూడటం నవంబరులో మొదలుపెట్టాను. చలికాలమంతా చెరువు గట్టున కూర్చుంటే చాలు, బాతులు, కొంగలు ఎదురుగా తీరిగ్గా ఉండేవి. పుస్తకం తీసి, పేజీలు తిప్పి, మళ్లీ తలెత్తి చూసినా అక్కడే! ఆ ధీమాతో చెట్ల దగ్గరికి వచ్చాను. ఇప్పుడు మార్చి. బాతులు చాలావరకు వెళ్లిపోయాయి. చెట్ల నిండా కూతలే తప్ప ఒక్క పిట్టా కంటికి ఆనడం లేదు. ఒకే రావిచెట్టులో మూడు రోజులుగా ‘టుక్... టుక్... టుక్’ అని, ఎవరో రాగిబిందె మీద చిన్న సుత్తితో కొడుతున్నట్టు వినిపిస్తోంది. చెట్టు చుట్టూ తిరిగి తిరిగి మెడ పట్టేసింది. కుడివైపు వెళ్తే ఎడమవైపు నుంచి వినిపిస్తుంది. నా దగ్గరున్నది 10×50 బైనాక్యులర్. తప్పు దానిదా, నాదా?

వేకువనడక:
మీదీ కాదు, దానిదీ కాదు. అది కంసాలి పిట్ట. కూసేటప్పుడు తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి చోటు మారుతున్నట్టు అనిపిస్తుంది. పిచ్చుక కంటే కాస్త బొద్దుగా ఉంటుంది. వీపు, రెక్కలు ఆకుపచ్చ. ఆకుల్లో ఉన్నంతసేపూ దాన్ని వెతకడం వృథా. రేపు తెల్లవారగానే చెట్టుకు దూరంగా నిలబడి, పైన ఆకుల్లేని ఎండుకొమ్మల కొసలు చూడండి. పొద్దుటి ఎండ కాచుకోవడానికి అక్కడికి వస్తుంది. నుదురు ఎరుపు, గొంతు పసుపు, కంటి చుట్టూ కూడా పసుపే.

ఇంకో సంగతి. అది కూసేటప్పుడు ముక్కు తెరవదు. ఒక్కో ‘టుక్’కూ గొంతు మాత్రం ఉబ్బుతుంది. నోరు తెరిచి కూసే పిట్ట కోసం వెతుకుతూ నేను మొదటి ఏడాది దాన్ని రెండుసార్లు చూసి కూడా ‘ఇది కాదు’ అనుకుని వదిలేశాను.

పాతకెమెరా:
బైనాక్యులర్‌ను మరీ అంత తేలిగ్గా క్షమించేయకండి. 10×50 చెరువుకు బాగుంటుంది. చెట్ల దగ్గర 8×42 సుఖం. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. రెట్లు పెరిగితే చేతి వణుకు కూడా పెరిగి కనిపిస్తుంది, ఒకేసారి కంటికి కనిపించే వెడల్పు తగ్గుతుంది. కొమ్మ కొమ్మకూ గెంతే పిట్టకు కావలసింది ఆ వెడల్పే.

అలాగని కొత్తది కొనమని కాదు. పిట్ట మీది నుంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోవడం అలవాటు చేసుకోండి. చాలామంది ముందు తల వంచి దాన్ని అందుకుంటారు, తల ఎత్తేసరికి కొమ్మ ఖాళీ. కరెంటు తీగ మీది కాకితో వారం రోజులు సాధన చేయండి. అంత ఓపికగల గురువు దొరకదు.

మోదుగపువ్వు:
నాది సోమరి పద్ధతి. పిట్టల వెంట తిరగను. పూసిన చెట్టు చూసుకుని కాస్త ఎడంగా కూర్చుంటాను, అవే వస్తాయి. బూరుగు, మోదుగ ఆకులు రాల్చి పూస్తాయి కాబట్టి అడ్డమేమీ ఉండదు. చలికాలపు చెరువు లాంటి తెరపి మీకు మళ్లీ దొరికేది అక్కడే.

మొన్న ఒక బూరుగు చెట్టు దగ్గర గంటసేపు కూర్చున్నాను. ముందు గోరువంకలు వచ్చాయి, తర్వాత పిగిలిపిట్టలు. ఒక గోరువంక పువ్వులో కళ్ల దాకా తల దూర్చి, బయటికి తీసేసరికి నుదురంతా పుప్పొడి. దాన్ని పక్క కొమ్మకు రుద్ది తుడుచుకుని, వెంటనే ఇంకో పువ్వులో తల పెట్టింది. ఇంతలో గులాబీ గోరువంకల గుంపు దిగేసరికి చెట్టంతా సంత అయిపోయింది. ఇవి ఏప్రిల్‌లో మధ్య ఆసియా వైపు వెళ్లిపోతాయి, మిడతలు పుష్కలంగా ఉండే కాలం చూసుకుని అక్కడ గూళ్లు పెడతాయి. చూడాలంటే ఇప్పుడే చూడాలి. తోక చీలి ఉండే నల్లని ఏట్రింత కూడా వచ్చింది. అది తేనె తాగింది, తేనె కోసం వచ్చిన పురుగులనూ తినేసింది.

తేనెపిట్టల దగ్గర మాత్రం జాగ్రత్త. ఊదా తేనెపిట్ట మగది గూడు కట్టే కాలం కాని రోజుల్లో పసుపు పొట్టతో, గొంతు నుంచి కిందికి ఒక నల్ల గీతతో ఉంటుంది. ఇప్పుడు ఒళ్లంతా నల్లబడి, ఎండ పడితే నీలంగా, ఊదాగా మెరుస్తుంది. ఈ రెంటికీ మధ్య కొన్నాళ్లు సిరా ఒలికిన గుడ్డలా మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. నా పాత నోటుబుక్కులో ఈ ఒక్క పిట్టే మూడు రకాల పిట్టలుగా నమోదై ఉంది.

తొలిచూపు:
మూడు రకాలా! నాకిప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది. అయితే ఇది కూడా చెప్పండి. కోయిల కూస్తున్న చెట్టులోంచే గోధుమ రంగు పక్షి ఒకటి ఎగిరింది. ఒంటి నిండా తెల్ల చుక్కలు, తోక మీద చారలు. కాకులు దాని వెంటపడ్డాయి. డేగ అని రాసుకున్నాను. కోయిల మాత్రం కూస్తూనే ఉంది.

జిట్టంగి:
కొట్టేయండి, అది ఆడ కోయిల. మనం వినే ‘కూ...ఊ’ మగదానిది. నల్లగా, ఎర్రని కళ్లతో ఉంటుంది. ఆడదానికి ఆ పాట లేదు, ‘కిక్ కిక్ కిక్’ అని గబగబా అరుస్తుంది. ఆ అరుపు విన్నప్పుడు చుట్టుపక్కల కాకి గూడు ఉందేమో చూడండి.

కాకులకు దాని మీద కోపం ఉండటం న్యాయమే. కోయిల గుడ్డు 12 నుంచి 14 రోజుల్లో పొదిగి పిల్ల అవుతుంది. కాకి గుడ్డుకు ఇంకో రెండు మూడు రోజులు పడుతుంది. ముందు పుట్టినది ముందు తింటుంది. అయితే ఐరోపాలో కూసే కోకిల పిల్ల చేసినట్టు, పక్క గుడ్లను వీపుతో నెట్టి కింద పడేయడం మన కోయిల పిల్లకు సాధారణంగా అలవాటు కాదు. కాకి పిల్లలు, కోయిల పిల్ల ఒకే గూట్లో పెరగడం నేను ఒకసారి చూశాను. అందుకే మార్చిలో పాట విని ఆపేయకండి. జూన్‌లో మళ్లీ అదే చెట్టు దగ్గరికి వెళ్లండి. తనకంటే చిన్నగా, తేడాగా ఉన్న పిల్ల వెంటపడి అరుస్తుంటే కాకి దాని నోట్లో మేత కుక్కుతూ కనిపించవచ్చు.

కొమ్మచాటు:
ఇంత కష్టం ఎందుకండీ? ఫోనులో ఆ పిట్ట కూత రికార్డింగు పెట్టండి. రెండు నిమిషాల్లో ఎదురు కొమ్మ మీదికి వస్తుంది. నేను కంసాలి పిట్టను అలాగే ఫోటో తీశాను.

వేకువనడక:
వస్తుంది, నిజమే. ఎందుకు వస్తుందో కూడా చూడండి. తన చోటులోకి ఇంకో మగది వచ్చిందని పోట్లాటకు వస్తుంది. ఈ రోజుల్లో దానికి తొర్ర తొలచాలి, జోడును నిలుపుకోవాలి, మేత తెచ్చుకోవాలి. లేని శత్రువు కోసం అవన్నీ వదిలేసి కొమ్మ కొమ్మా వెతుకుతుంది. మీరు ఫోటో తీసుకుని వెళ్లిపోతారు, అది మాత్రం ఇంకా వెతుకుతూనే ఉంటుంది.

నేను కడిగిన ముత్యాన్నేమీ కాదు. చాలా ఏళ్ల కిందట ఒక కుట్టుపిట్ట గూడు కనిపించింది. పెద్ద ఆకును దొన్నెలా మడిచి, పీచుతో అంచులు కుట్టి, లోపల దూది పరిచి ఉంది. ముందు ఇంకో ఆకు అడ్డం వచ్చింది. తెంపలేదు, దారం కట్టి పక్కకు లాగాను అంతే. ఎంతో జాగ్రత్త తీసుకున్నానని గర్వపడ్డాను కూడా. ఫోటోలు తీశాక దారం విప్పడం మరిచిపోయాను. మర్నాడు వెళ్లేసరికి కింద పొదలో జెముడు కాకి నడుస్తోంది, గూడు ఖాళీ. అదే తిన్నదని రుజువు లేదు. కానీ ఆ గూటికి తలుపు తీసింది నేనే. ఆ ఫోటోలు ఇప్పటివరకు ఎవరికీ చూపించలేదు.

కొమ్మచాటు:
గూడు సంగతి ఒప్పుకుంటాను. కూత ఒక్కసారి పెడితే అంత నష్టమా అన్నది నాకింకా నమ్మకం కలగలేదు. కాకపోతే అదే చెట్టుకు నాలాంటివాళ్లు రోజుకు పదిమంది వస్తే ‘ఒక్కసారి’ అనే మాటకు అర్థం లేదు. గూళ్ల కాలం అయ్యేదాకా ఆపుతాను.

జిట్టంగి:
మంచిది. నాకైతే వసంతం అంటే వచ్చేవాటికంటే వెళ్లేవాటి మీదే ధ్యాస. నా పేరు చూస్తే తెలుస్తుంది కదా, జిట్టంగి అంటే చలికాలానికి వచ్చి పోయే, తోక ఊపుతూ నడిచే పిట్ట. పచ్చ జిట్టంగులు చలికాలమంతా వెలిసిపోయినట్టు ఉండి, తీరా బయలుదేరే ముందు నిండు పసుపులోకి వస్తాయి. బాగా కనిపిస్తున్నాయి అనుకునేలోపు ఉండవు. మొదట వచ్చిన రోజు అందరూ రాసుకుంటారు. చివరిసారి చూసిన రోజు రాయడం కష్టం, అది చివరిసారి అని ఆ రోజు తెలియదు. అందుకని ఏప్రిల్‌లో చూసిన ప్రతిసారీ తేదీ వేయండి, చివరి తేదీ దానంతట అదే మిగులుతుంది.

తొలిచూపు గారూ, మీ బాతులు కూడా ఊరికే మాయం కాలేదు. ఉత్తరాన ఇప్పుడు పగళ్లు పొడుగవుతాయి, మంచు కరుగుతుంది, పిల్లలకు మేత ఉంటుంది. బార్ హెడెడ్ గూస్ అని తల వెనక రెండు నల్ల పట్టీలుండే పెద్ద బాతు ఉంది చూడండి, అది హిమాలయాలు దాటి పోతుంది. పరికరాలు కట్టి గమనించినప్పుడు ఒకటి 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు తేలింది.

మోదుగపువ్వు:
వెళ్లేవాటి మాట వచ్చింది కాబట్టి పొన్నంగి పిట్టను మరవకండి. ఏప్రిల్, మే నెలల్లో గూళ్లు పెట్టే చోట్లకు పోతూ దారిలో దిగుతుంది. దీన్ని చెట్టు మీద కాదు, నేల మీద చూడాలి. ఎండుటాకులను ఒక్కొక్కటే తిరగేస్తూ పురుగులు ఏరుకుంటుంది. అన్ని రంగులు పెట్టుకుని కూడా పొద నీడలో దాగిపోతుంది. తెల్లవారుతున్నప్పుడు, పొద్దుగూకే వేళ రెండు స్వరాల ఈల వేస్తుంది. ఈ జాతి మొత్తానికి ప్రపంచమంతా వాడే పేరు ‘పిట్టా’ అన్నది మన తెలుగు మాటే. పక్షుల పుస్తకాల్లో ఆ పేరు చూసినప్పుడల్లా నాకు పరాయి ఊళ్లో మన మనిషి ఎదురైనట్టు ఉంటుంది.

తొలిచూపు:
దొరికింది! వేకువనడక గారు చెప్పినట్టు తెల్లవారేసరికి వెళ్లి దూరంగా నిలబడ్డాను. 6:20కి చిటారుకొమ్మ మీద కూర్చుంది. ముక్కు మూసే ఉంది, గొంతు ఉబ్బుతోంది. మధ్యలో తల తిప్పగానే కూత నిజంగానే పక్కకు జరిగినట్టు వినిపించింది. చూస్తూ ఉండగానే మోసపోవడం భలేగా ఉంది.

తర్వాత చెట్టు కిందికి వెళ్లాను. భుజం మీద ఏదో రాలింది. పుప్పొడి అనుకుని దులిపితే సన్నని చెక్కపొడి. తలెత్తి చూస్తే నిట్టనిలువుగా పైన, ఎండుకొమ్మ అడుగు భాగంలో గుండ్రని తొర్ర, అందులోంచి బయటికి తోక మాత్రం. ఇన్నాళ్లూ నేను తిరిగింది సరిగ్గా దాని గుమ్మం కిందే.

వేకువనడక:
శుభం. ఇక అక్కడ నిలబడకండి.

తొలిచూపు:
అప్పుడే దారికి అటువైపు వచ్చేశానండీ. ఇక్కడినుంచి తొర్ర కనిపించదు, ఎండుకొమ్మ కొస కనిపిస్తోంది. 10×50కి ఈ దూరం బాగానే ఉంది.