హైస్పీడ్ లైన్ మీద గూడ్స్ ఎందుకు నడపరు?

పట్టాలపిచ్చి: జపాన్ హైస్పీడ్ రైళ్లు షింకన్‌సెన్ వీడియోలు పెట్టుకు కూర్చుంటే టైమే తెలియట్లేదు. 1964లోనే టోక్యో–ఒసాకా మధ్య గంటకు 210 కి.మీ. వేగం, అదీ జనం బండ్లు! అంత ఖర్చు పెట్టి లైన్ వేశాక రాత్రిళ్లు గూడ్స్ కూడా తిప్పితే నాలుగు డబ్బులొస్తాయి కదా?

లూప్‌లైన్: రాత్రిళ్లు ఆ లైన్‌కు తీరికెక్కడిదండీ. అర్ధరాత్రి నుంచి పొద్దున 6 దాకా పట్టాలు, కరెంటు తీగలు సరిచూసుకునేది అప్పుడే. పైగా బరువు సంగతి ఉంది. గూడ్స్ కోసమే వేసిన మన ఫ్రైట్ కారిడార్‌లో ఇరుసుకు 25 టన్నులు, ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు టీజీవీకి 17 మాత్రమే. బొగ్గు ఎక్కిస్తే పట్టాల పని అయిపోయినట్టే.

గుంతకల్లోడు: అసలు నడపలేదని కాదు బ్రో. ఫ్రాన్స్‌లో పోస్టల్ టీజీవీలు ఉండేవి, ఒళ్లంతా పసుపు రంగు, లోపల సీట్ల బదులు ఉత్తరాల ట్రాలీలు, పారిస్ నుంచి లియాన్ వైపు 270 స్పీడులో. 1984లో మొదలయ్యాయి, 2015లో ఆపేశారు. ఉత్తరాలు రాసేవాళ్లేరీ?

పట్టాలపిచ్చి: పసుపు టీజీవీనా! ఇప్పుడే వెతుకుతా.

లూప్‌లైన్: జపాన్‌లో ఇప్పుడు మామూలు ప్యాసింజర్ షింకన్‌సెన్‌లోనే తాజా చేపలు, పండ్లు పెట్టెల్లో పెట్టి టోక్యో పంపుతున్నారు. తేలిగ్గా ఉండి, త్వరగా పాడై, మంచి రేటు పలికే సరుకైతేనే గిట్టుబాటు. సిమెంటుకు తొందరేముంది చెప్పండి.