జీరో యాక్సిడెంట్ బోనస్: ఉంచాలా, తీసేయాలా?

పరవాడ_నైట్‌షిఫ్ట్
మా ఫార్మా యూనిట్ గేటు పక్కన పెద్ద బోర్డు ఉంది, చివరి ప్రమాదం జరిగి ఎన్ని రోజులైందో రోజూ మారుస్తారు. మూడు నెలలు ఒక్కటీ జరగకపోతే అందరికీ బోనస్. ఈమధ్య ఒక కాంట్రాక్ట్ హెల్పర్‌కి సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి ద్రవాన్ని, పొడిని వేరుచేసే యంత్రం) మూత కింద పడి వేళ్లు నలిగాయి. గాయపడిన మనిషి 48 గంటలు, లేదా అంతకన్నా ఎక్కువసేపు పనికి రాలేకపోతే చట్టం ప్రకారం ఇన్‌స్పెక్టర్‌కి తెలియజేయాలి కదా, అందుకని మర్నాడు పొద్దున్నే ఇంటికి కారు పంపి, కట్టు కట్టిన చేత్తోనే తీసుకొచ్చి, రెండో చేత్తో పంచ్ కొట్టించి, స్టోర్స్‌లో కుర్చీ వేసి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. బోర్డు మీద అంకె ఆగలేదు, బోనస్ కూడా పడింది. మూతని పైన పట్టి ఉంచే లాక్ అరిగిపోయింది, దాన్ని ఇప్పటికీ మార్చలేదు. ఎలా మారుస్తారు, రికార్డుల్లో అసలేమీ జరగలేదుగా! ఈ బోనస్ తీసేయాలని నేనంటాను. మీరేమంటారు?

సేఫ్టీ_జడ్చర్ల
తప్పు దాచినవాళ్లది బ్రదర్, బోనస్‌ది కాదు. మా దగ్గర బోనస్ పెట్టకముందు గాగుల్స్ మెడలో వేలాడేవి. ఇప్పుడు పక్కవాడే "పెట్టుకోరా, మా డబ్బులు పోతాయి" అంటున్నాడు. షిఫ్ట్ మొదట్లో చెప్పే జాగ్రత్తలు, అవే టూల్‌బాక్స్ టాక్‌లు, నేను ఎన్ని ఇచ్చినా ఆ మార్పు రాలేదు. పైగా ఆడిట్‌కి వచ్చే కస్టమర్లు ముందు అడిగేది ఆ అంకెనే. అంకె చూపించకుండా మేనేజ్‌మెంట్‌ని బడ్జెట్ ఎలా అడగమంటారు?

చదువరి_విశాఖ
"మా డబ్బులు పోతాయి" అన్న మాటలోనే ఉంది చిక్కంతా. గాగుల్స్ పెట్టుకోమన్న ఆ నోరే, దెబ్బ తగిలాక "బయటికి చెప్పకురా" అంటుంది. ఇంకోటి, వేళ్లు నలగడం, జారిపడటం వేరు, ప్లాంటు పేలడం వేరు. మొదటిది తగ్గితే రెండోది కూడా తగ్గినట్టే అనుకుంటే ప్రాణాలు పోతాయి. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు బావి తవ్వే రిగ్ పేలి 11 మంది చనిపోయారు. ఆ రోజు కంపెనీల పెద్దలు రిగ్ మీదే ఉన్నారు. వాళ్లు వచ్చిన పనుల్లో ఒకటి, ఏడేళ్లుగా పని పోగొట్టే గాయం ఒక్కటీ కాలేదని సిబ్బందిని మెచ్చుకోవడం. మన వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం ఆవిరి ఊరి మీద పడింది. ట్యాంకు ఉష్ణోగ్రత అడుగున మాత్రమే కొలుస్తున్నారని, పైన ఎంత వేడెక్కిందో తెలియలేదని, సైరన్ కూడా మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. గేటు దగ్గర రోజులు ఎంత బాగా లెక్కపెట్టినా ఇలాంటి లోపం బయటపడదు. అది బయటపడాలంటే "పైన కూడా ఒక సెన్సర్ ఉండాలి సార్" అని ఎవరో ఒకరు ముందే అనాలి, అన్నాక వినేవాళ్లుండాలి.

బొగ్గుబావి_గోదావరిఖని
గనుల్లో మాకు వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లుంటారు, కార్మికుల తరఫున. తిరిగి చూసి రిజిస్టర్‌లో రాస్తారు, ఏం చేశారో మేనేజర్ అందులోనే జవాబు రాయాలి. గని పైకప్పుని, అదే రూఫ్‌ని, కడ్డీతో కొడితే కంగుమని మోగాలి, డొల్ల చప్పుడు వస్తే సపోర్టు పెట్టేదాకా దాని కిందకి పోము. పర్మినెంట్ వాళ్లం కాబట్టి పోము అనగలుగుతున్నాం. అదే మాట కాంట్రాక్ట్ తమ్ముడు అంటే రేపటినుంచి పనికి పిలవరు. బోనస్ ఉన్నా ఊడినా, ఆ భయం ఉన్నంతకాలం ఎవడూ నోరు తెరవడు.

సేఫ్టీ_జడ్చర్ల
ఇది ఒప్పుకుంటాను. అయితే బోనస్‌ని నియర్‌మిస్ (దెబ్బ తగలకుండా త్రుటిలో తప్పిన ప్రమాదం) రిపోర్టులకి ముడిపెడదాం. కైజెన్ సూచనలకి, అంటే పని మెరుగుపరిచే చిన్న చిన్న ఆలోచనలకి ఇస్తున్నట్టే, తలకి నెలకి రెండు రిపోర్టులు రాయాలని పెడదాం.

పరవాడ_నైట్‌షిఫ్ట్
కోటా పెట్టి కూడా చూశారు సార్ మా దగ్గర. నెలాఖరుకి పెట్టె నిండా "ఫ్లోర్ తడిగా ఉంది" కాగితాలే! లెక్క దేనికి పెడితే అది తయారవుతుంది, అంతే. బోర్డు ఉండనివ్వండి, కానీ దాని మీద ఏ లోపం చెప్పారు, ఏ తేదీకి బాగుచేశారు, ఇంకా ఏది పెండింగ్ ఉంది, ఇవి రాయాలి. బోనస్ డబ్బు జీతంలో కలిపేయాలి. పెట్టె తాళంచెవి ప్రొడక్షన్ మేనేజర్ దగ్గర కాదు, సేఫ్టీ కమిటీలో కార్మికుల ప్రతినిధి దగ్గర ఉండాలి. అమెరికాలో పైలట్లు తమ పొరపాట్లు రాసి పంపే పద్ధతి 1976 నుంచి నడుస్తోంది. ఆ కాగితాలు అందుకునేది శిక్షించే అధికారం ఉన్న విమానయాన శాఖ కాదు, నాసా. పేర్లు కూడా తీసేస్తారు. అందుకే రాస్తున్నారు. వచ్చే కమిటీ మీటింగ్‌లో ఇవన్నీ పెడతాను. కాంట్రాక్ట్ వాళ్ల సంగతే తెగట్లేదు. మీ దగ్గర ఏం చేస్తారన్నా?

బొగ్గుబావి_గోదావరిఖని
తమ్ముడు మాకు చెప్తాడు, పర్మినెంట్ వాళ్లలో ఒకరం మా పేరు మీద రాయిస్తాం. మీరూ అట్లనే చెయ్యండి. రాసిన ప్రతి పేజీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత రిజిస్టర్ కనిపించట్లేదంటే చూపించడానికి ఉంటుంది.