‘ఎస్కార్ట్’కి తెలుగు: కాపా, తోడా, సాగనంపడమా?

అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. గ్రూపులో పెద్దలు సాయం చేయాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ నుంచి ఎగిరిన అమెరికన్ 332వ ఫైటర్ గ్రూప్ మీద పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. అలబామాలోని టస్కీగీలో శిక్షణ పొందిన నల్లజాతి పైలట్ల గ్రూప్ ఇది. అప్పటి అమెరికా సైన్యం తెల్లవాళ్ళనీ నల్లవాళ్ళనీ ఒకే దళంలో ఉంచేది కాదు. 99, 100, 301, 302 అని నాలుగు స్క్వాడ్రన్లు, పైన కమాండర్ కల్నల్ బెంజమిన్ ఓ. డేవిస్ జూనియర్. 1944 వేసవి నుంచి ఏడ్రియాటిక్ తీరాన రమిటెల్లి అనే చోట వీళ్ళ మకాం. విమానాల తోకలకి ఎర్ర రంగు వేసుకున్నారు కాబట్టి రెడ్ టెయిల్స్ అనేవారు. దాన్ని ‘ఎర్రతోకలు’ అని రాసేశాను, అక్కడ ఇబ్బందేమీ రాలేదు.

ఇబ్బందల్లా వాళ్ళు చేసిన పని పేరుతోనే. బాంబులు వేయడానికి వెళ్ళే పెద్ద విమానాల వెంట వెళ్ళి, శత్రు విమానాలు మీద పడకుండా చూసి, మళ్ళీ వెనక్కి తీసుకురావాలి. ఇంగ్లీషులో ఎస్కార్ట్. మనకి ఎస్కార్ట్ అనగానే మంత్రిగారి కారు ముందు సైరన్ వేసుకుంటూ పోయే జీపు గుర్తొస్తుంది. పిల్లలకి ఆ బొమ్మ ఇవ్వడం నాకిష్టం లేదు. ‘రక్షణ కల్పించడం’ అంటే ప్రభుత్వ ప్రకటనలా ఉంది. ‘అంగరక్షకులు’ అంటే రాజుగారి పక్కన కత్తి పట్టుకున్న భటులు.

ఇంకో చిక్కు. బాంబర్లలోని వాళ్ళు రేడియోలో ఈ ఫైటర్లని ‘లిటిల్ ఫ్రెండ్స్’ అనేవారు. ఫైటర్ పైలట్లు బాంబర్లని ‘బిగ్ ఫ్రెండ్స్’ అనేవారు. వీటికేం రాయాలి?

వ్యాఖ్య: ‘కాపు కాయడం’ అనండి అక్కా, సరిపోతుంది. విశ్వామిత్రుడి యాగాన్ని రామలక్ష్మణులు ఆరు రోజులు రాత్రింబవళ్ళు కంటిమీద కునుకు లేకుండా కాపు కాశారు కదా. మీ పైలట్ల పనీ అదే.

పోస్టు పెట్టినవారు: తమ్ముడూ, మొదట నేను రాసుకున్నదీ అదే. తర్వాత కొట్టేశాను. ఎందుకో చెప్తాను. కాపు కాసేది కదలని దాన్ని. పంటకి కాపు, ఇంటికి కాపు, యాగశాలకి కాపు. కాసేవాడు మంచె మీదో గుమ్మంలోనో నిలబడతాడు. ఇక్కడ కాయాల్సిన వస్తువు ఇటలీలో బయలుదేరి ఆల్ప్స్ దాటి గంటల తరబడి పోతూనే ఉంటుంది. దారిలో ఉన్నవాడికి మనం కాపు కాయం, తోడు వెళ్తాం. నాకు ‘తోడు’ మీద మనసు పోతోంది గానీ, యుద్ధానికి ఆ మాట మరీ మెత్తగా ఉందేమోనని భయం.

వ్యాఖ్య: మెత్తన ఎందుకవుతుందమ్మా? త్యాగరాజస్వామి దర్బారు రాగంలో ఏమన్నారు? ‘ముందు వెనుక ఇరు పక్కల తోడై’ రమ్మని రాముణ్ణి పిలిచారు. డబ్బు సంచితో అడవి దారిన వస్తుంటే దొంగలు పడ్డప్పుడు పాడారని ఐతిహ్యం. ఇద్దరు కుర్రాళ్ళు విల్లంబులతో పల్లకీ వెంట నడిచారట. ఆ పల్లవిలో ఉన్న తోడు ఆయుధం పట్టిన తోడే.

పోస్టు పెట్టినవారు: మాస్టారూ, మీకు వెయ్యి దండాలు. ఈ పల్లవి నేను చిన్నప్పుడు నేర్చుకున్నదే, అయినా తట్టలేదు. ముందు, వెనుక, ఇరు పక్కల. ఈ నాలుగు మాటల్లో ఎస్కార్ట్ లెక్క మొత్తం ఉంది.

ఆ లెక్క కొంచెం వివరంగా చెప్తాను, మాట ఎంచుకోవడానికి పనికొస్తుంది. బాంబరు నిండు గర్భిణిలా మెల్లగా పోతుంది. 25 వేల అడుగుల ఎత్తులో, సున్నాకి 40 డిగ్రీల కింద చలి, లోపల దాదాపు పదిమంది మనుషులు. వీళ్ళు నడిపిన ముస్టాంగ్ ఫైటర్‌కి అంత మెల్లగా పోవడం కుదరదు. నేరుగా పోతే బాంబర్లని దాటి ముందుకెళ్ళిపోతుంది. అందుకని వాటి పైన అటూ ఇటూ పాములా మెలికలు తిరుగుతూ పోయేవారు. పెద్దవాళ్ళతో నడుస్తున్న చిన్నపిల్లాడు నాలుగడుగులు ముందుకి పరిగెత్తి, మళ్ళీ వెనక్కొచ్చి, చుట్టూ తిరుగుతూ వస్తాడు చూడండి, అలా. ‘లిటిల్ ఫ్రెండ్’ అన్న పిలుపులో నాకు కనిపించే బొమ్మ అదే.

ఇంకోటి కూడా ఉంది. బాంబర్లోని గన్నర్‌కి దూరాన్నుంచి ముక్కు తనవైపు పెట్టి దూసుకొచ్చే ఏ విమానమైనా శత్రువే. చూసి తేల్చుకునే వ్యవధి ఉండదు, కాల్చేస్తాడు. అందుకని మనవాళ్ళ ఫైటర్ దగ్గరికొచ్చేటప్పుడు ఎప్పుడూ ముక్కు చూపించకూడదు. దూరంగా ఉండగానే పక్కకి ఒరిగి, రెక్కల ఆకారం పూర్తిగా కనపడేలా చూపించి, ‘నేనే’ అని చెప్పుకుని, అప్పుడు మెల్లగా పక్కకి చేరాలి. చీకట్లో ఇంటికొచ్చేవాడు గేటు దగ్గరే దగ్గి ‘నేనేనమ్మా’ అన్నట్టు. ఆ ఎర్రతోక ఉపయోగం కూడా కొంత ఇందుకే. ఫలానా గ్రూప్ వచ్చిందని చూడగానే తెలుస్తుంది.

వ్యాఖ్య: మా ఊళ్ళో ‘దింపి రావడం’ అంటాం. ‘చెల్లెల్ని బస్టాండ్ దాకా దింపి రాపో’ అని. దూరం పోయేవాళ్ళని ‘సాగనంపుతాం’. ఇవి పనికిరావా?

పోస్టు పెట్టినవారు: పనికొస్తాయి. మీరలా అనేసరికి నాకు వారం రోజుల చిక్కు విడిపోయింది, నిజంగా. ఎస్కార్ట్ అని ఇంగ్లీషు ఒక్క మాటతో సరిపెట్టిన చోట జరిగినవి మూడు వేరువేరు పనులు. మూడింటికీ మన దగ్గర మూడు మాటలున్నాయి.

ఫైటర్‌లో పట్టే పెట్రోలు తక్కువ. కాబట్టి ఒకే గ్రూప్ మొదట్నించీ చివరిదాకా ఉండటం చాలాసార్లు కుదిరేది కాదు. ఒక గ్రూప్ కొంత దూరం తీసుకెళ్ళి వెనక్కి తిరిగేది. ఇంకో గ్రూప్ లక్ష్యం మీద ఉండేది. మరో గ్రూప్ తిరిగొచ్చేవాళ్ళకి ఎదురెళ్ళి తీసుకొచ్చేది. మొదటిది సాగనంపడం. రెండోది తోడుండటం. మూడోది ఎదురెళ్ళడం, పెళ్ళివారికి ఎదుర్కోలుకి వెళ్ళినట్టు.

సాగనంపేవాడు ఎక్కడిదాకా వెళ్తాడు? ఊరి పొలిమేర దాకా. అక్కడ ఆగుతాడు. యుద్ధంలో మొదటి ఏళ్ళ విషాదమంతా ఈ ఒక్క మాటలో ఉంది. ఇంగ్లండ్ నుంచి ఎగిరే అమెరికన్ ఎనిమిదో ఎయిర్‌ఫోర్స్ ఫైటర్లు, పీ-47 థండర్‌బోల్టులు, జర్మనీ సరిహద్దులో ఆహెన్ దగ్గరికి వచ్చేసరికి పెట్రోలు చూసుకుని వెనక్కి తిరగాల్సి వచ్చేది. 1943 అక్టోబర్ 14న ష్వైన్‌ఫుర్ట్ బాల్ బేరింగ్ ఫ్యాక్టరీల మీదికి 291 బాంబర్లని పంపారు. లిటిల్ ఫ్రెండ్స్ పొలిమేరలో తిరిగిపోయాక జర్మన్ ఫైటర్లు మీద పడ్డాయి. 60 బాంబర్లు తిరిగి రాలేదు. ఒక్కోదానిలో పదేసి మంది. అంటే 600 మంది. వాళ్ళని సాగనంపారు, తోడు మాత్రం వెళ్ళలేకపోయారు. ఆ రెండు మాటల మధ్య తేడా తెలుగు పిల్లలకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు, మాటలే చెప్తాయి.

తర్వాత అదనపు ట్యాంకులు వచ్చాయి, రెక్కల కింద వేలాడదీసుకుని, ఖాళీ అవగానే వదిలేసేవి. ఇంగ్లండ్‌లో వాటిని గట్టి కాగితంతో కూడా చేశారు. జిగురు పెట్టి అతికించిన అట్ట ట్యాంకు. పెట్రోలు పోసి ఎక్కువసేపు ఉంచితే జిగురు కరుగుతుంది కాబట్టి బయలుదేరే ముందే పోసేవారు. ముస్టాంగ్ వచ్చాక ఆ పొలిమేర బెర్లిన్ దాటి వెళ్ళిపోయింది.

వ్యాఖ్య: ‘సాగనంపడం’తో జాగ్రత్తండీ. ఇప్పుడు పేపర్లలో ‘కోచ్‌ను సాగనంపారు’ అంటే ఉద్యోగం ఊడబీకారని అర్థం.

పోస్టు పెట్టినవారు: నిజమే, ఆ అర్థం బాగా పాకిపోయింది. ‘పొలిమేర దాకా సాగనంపి’ అని పొలిమేరని జత చేస్తే పాత అర్థమే వస్తుంది. అలాగే రాస్తాను.

వ్యాఖ్య: మరి వేట మాటేమిటి? ఫైటర్లంటే శత్రువుని వెతికి కూల్చేవే కదా. హ్యూబర్ట్ జెంకే నడిపిన 56వ ఫైటర్ గ్రూప్‌ని ‘వుల్ఫ్‌ప్యాక్’ అనేవారు. తోడేళ్ళ గుంపు. తోడు, తోడేలు. భలే కుదిరింది!

పోస్టు పెట్టినవారు: చెవికి దగ్గరగా వినిపించే పోలికేనండీ, వ్యుత్పత్తి దాకా నేను వెళ్ళను. విషయం మాత్రం సరిగ్గా పట్టుకున్నారు. 1944 జనవరిలో డూలిటిల్ ఎనిమిదో ఎయిర్‌ఫోర్స్ పగ్గాలు తీసుకున్నాక పద్ధతి మార్చాడు. బాంబర్లని అంటిపెట్టుకుని ఉండొద్దు, జర్మన్ ఫైటర్లని వెతికి నాశనం చేయండి అన్నాడు. అంటే తోడు నుంచి వేటకి మారారు. యుద్ధం గెలవడానికి ఆ మార్పు ఎంతో పనికొచ్చింది, దాన్ని తక్కువ చేయను. అయితే బాంబర్లోని కుర్రాడికి పక్క కిటికీలోంచి కనిపించేది తోడే గానీ, ఎక్కడో వంద మైళ్ళ అవతల జరిగే వేట కాదు.

ఇటలీలో డేవిస్ తన పైలట్లకి చెప్పింది వేరు. శత్రువు ఎర చూపించినా వెంటపడి పోవద్దు, బాంబర్లని వదలొద్దు. అధికారిక లెక్కలో ఆ గ్రూప్ స్క్వాడ్రన్లన్నిటికీ కలిపి గాలిలో 112 విజయాలున్నాయి. అయిదు కూల్చి ‘ఏస్’ అనిపించుకున్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. నాలుగు దగ్గర ఆగినవాళ్ళు ముగ్గురు. ఈ సంఖ్యలు నన్ను చాలాసేపు ఆపేశాయి.

డేవిస్ గురించి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 1932లో వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో చేరాడు. నల్లవాడని తోటి విద్యార్థులు నాలుగేళ్ళు అతనితో మాట్లాడలేదు. అవసరమైన డ్యూటీ మాటలు తప్ప ఒక్క పలకరింపు లేదు. గదిలో ఒక్కడే, భోజనం దగ్గరా ఒక్కడే. 1936లో పట్టా పుచ్చుకునే దాకా అలాగే. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని ‘సైలెంట్ ట్రీట్‌మెంట్’ అంటారు. తెలుగులో దానికి మాట వెతుక్కోనక్కర్లేదు, వెలి. వెలి అన్న మాట పిల్లలకి వద్దని నాకెవరూ చెప్పొద్దు, అది ఏమిటో మన ఊళ్ళకి తెలుసు. నాలుగేళ్ళు వెలిలో ఉన్నవాడు తన మనుషులకి ‘తోడు వదలొద్దు’ అని చెప్పడం, ఈ వ్యాసంలో నాకు కావలసిన వాక్యం అదే.

వ్యాఖ్య: ఈ గ్రూప్ ‘ఒక్క బాంబర్‌నీ పోగొట్టుకోలేదు’ అంటారు కదమ్మా. అదీ రాస్తున్నావా?

పోస్టు పెట్టినవారు: రాయడం లేదు మాస్టారూ. చాలా ఏళ్ళు అలాగే చెప్పుకున్నారు. తర్వాత అమెరికా వైమానిక దళ చరిత్రకారులు రోజువారీ రికార్డులు తిరగేసి చూస్తే, వీళ్ళు తోడున్నప్పుడు శత్రు విమానాలకి బలైన బాంబర్లు 27 అని తేలింది. వీళ్ళు పనిచేసిన 15వ ఎయిర్‌ఫోర్స్‌లోనే మిగతా ఫైటర్ గ్రూపుల సగటు 46. నాకు ఆ 27 చాలు. ‘ఒక్కటీ’ అంటే పురాణం అయిపోతుంది, 27 అంటే మనుషులు చేసిన పని. పైగా క్రియ కూడా చూడాలి. ‘పోగొట్టుకోలేదు’ అంటే చేజారనివ్వలేదని. తోడు వెళ్ళినవాడు ఎంత చేసినా పోయేది ఒక్కోసారి పోతుంది. అప్పుడు ‘కాపాడలేకపోయారు’ అంటాం, అతను తోడు లేడని అనం కదా.

మా నాన్న రాత్రిపూట కరెంటు ఇచ్చినప్పుడు మోటారు వేయడానికి పొలం వెళ్తూ నన్ను తోడు రమ్మనేవాడు. నాకు పదేళ్ళు. పామొచ్చినా పందొచ్చినా నేను చేయగలిగింది ఏముంది? టార్చి పట్టుకుని వెనకాల నడిచేదాన్ని, ఏదో ఒకటి మాట్లాడుతుండేదాన్ని. అయినా నాన్న నన్ను వదిలి వెళ్ళేవాడు కాదు. ఆ తోడుకి ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలీదు, ఎస్కార్ట్ మాత్రం అనరు.

వ్యాఖ్య: బాగుందమ్మా. మరి ‘లిటిల్ ఫ్రెండ్స్’కి ఏం తేల్చావు? ‘తమ్ముళ్ళు’ అంటే?

పోస్టు పెట్టినవారు: ‘తమ్ముళ్ళు’ దగ్గరగానే ఉంది గానీ చుట్టరికం కలుపుతుంది. ఆ రోజుల్లో నేల మీద తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒకే మెస్‌లో కూర్చుని తినడమే అరుదు. పైన రేడియోలో మాత్రం ‘ఫ్రెండ్’ అనుకున్నారు. ఆ మాట విలువ పోకూడదు. కాబట్టి ‘చిన్న నేస్తం’, ‘పెద్ద నేస్తం’. రేడియోలో పిలవడానికి కూడా చిన్నగా ఉంటాయి.

మొదటి పేరా ఇలా మార్చాను, తప్పులుంటే చెప్పండి:

‘ఒక ఇంజన్ ఆగిపోయి గుంపు నుంచి వెనకబడ్డ బాంబర్, కింద మేఘాలు, ఇంకా రెండు గంటల దారి. కుడివైపు కిటికీలో దూరంగా ఒక విమానం పక్కకి ఒరిగి రెక్కలు చూపించింది. తోక ఎర్రగా ఉంది. చిన్న నేస్తం తోడు వచ్చాడు.’

వ్యాఖ్య: ‘వచ్చాడు’ బాగుంది, ‘వచ్చింది’ చేయకు. ‘ఇంజన్’ బదులు ‘ఇంజను’ రాయమ్మా, తర్వాత వచ్చే ‘ఆగిపోయి’తో కలిపి చదవడానికి సుళువు.

పోస్టు పెట్టినవారు: మార్చాను మాస్టారూ.