ఎగ్జిబిషన్ స్టాల్లో హెచ్‌పీఎల్‌సీ లైవ్ డెమో: బేస్‌లైన్ కుదురుగా ఉండాలంటే?

హైదరాబాద్ హైటెక్స్ లాంటి పెద్ద హాల్లో, అనలిటికల్ కెమిస్ట్రీ సదస్సుతో పాటు జరిగే ప్రదర్శనలో మూడు రోజులు హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను ద్రవంతో విడదీసి కొలిచే యంత్రం) నడిపి చూపించాలి. శాంపిల్: పారాసెటమాల్, కెఫీన్ మిశ్రమం. కాలమ్ (మిశ్రమం విడిపోయే గొట్టం) సీ18 రకం, 150 × 4.6 మి.మీ., లోపలి రేణువులు 5 మైక్రాన్లు. అందులోంచి పంపే ద్రవం: 0.1% ఫార్మిక్ యాసిడ్ కలిపిన నీళ్లు, అసిటోనైట్రైల్ 85:15. ఫ్లో నిమిషానికి 1 మి.లీ., డిటెక్టర్ కొలిచే కాంతి 254 నానోమీటర్లు. రాత్రి స్టాల్‌కి కరెంటు తీసేస్తారు కాబట్టి ఫాస్ఫేట్ బఫర్ వద్దనుకున్నాం. పంపు ఆగితే ఉప్పు పేరుకుని సీల్స్ అరిగిపోతాయి.

అసలు చిక్కు బేస్‌లైన్‌తోనే, అంటే శాంపిల్ పదార్థాలేవీ రానప్పుడు డిటెక్టర్ గీసే గీతతోనే. కాలమ్ ఓవెన్ 35 డిగ్రీల దగ్గర పెడితే రిటెన్షన్ టైమ్ (ఒక్కో పదార్థం కాలమ్ దాటి రావడానికి పట్టే సమయం) కదలదు, కానీ ఏసీ గాలి డిటెక్టర్‌కి తగిలితే బేస్‌లైన్ అలలా లేచి పడుతుంది. చుట్టూ అట్ట అడ్డం పెడితే సరిపోతుందా, లేక ఫ్లో సెల్‌కి (డిటెక్టర్‌లో ద్రవం మీద కాంతి పడే చోటు) కూడా టెంపరేచర్ కంట్రోల్ ఉన్న డిటెక్టరే కావాలా? డిటెక్టర్‌లోని యూవీ దీపం, అంటే డ్యుటీరియం ల్యాంప్‌కి ఉదయం గంట వార్మప్ సరిపోతుందా?

ఇంకొకటి. ఎనిమిది గంటలకు దాదాపు 480 మి.లీ. వేస్ట్ వస్తుంది. వాసన రాకుండా ఫిల్టర్ మూత ఉన్న క్యాన్ వాడినా నిర్వాహకులు అభ్యంతరం చెబుతారా? అసిటోనైట్రైల్ బదులు మిథనాల్‌కి మారితే ప్రెషర్ పెరుగుతుంది, అందుకే వెనకాడుతున్నాం. ఇలాంటి డెమోలు నడిపినవాళ్లు చెప్పండి.