సిగరెట్ కంపు పట్టిన పాత ఆర్‌వీ: ఓజోన్ యంత్రాన్ని నమ్మి కొనవచ్చా?

ఆస్టిన్ వాసి
వేసవి సెలవుల్లో పిల్లలతో తిరగడానికి పాత ఆర్‌వీ ఒకటి చూశాం, అంటే లోపలే వంట, పడక ఉండే మోటార్‌హోమ్. 2014 మోడల్, 29 అడుగులు. ఇంజను, టైర్లు, పైకప్పు అన్నీ బాగున్నాయి. ఆ వయసు బళ్ల కంటే ధర కూడా బాగా తక్కువ. ఎందుకు తక్కువో తలుపు తీయగానే తెలిసింది. అమ్మే దంపతులు ఏళ్ల తరబడి లోపలే కూర్చుని సిగరెట్లు కాల్చారట. ఓజోన్ వాయువును వదిలే యంత్రం అద్దెకు తెచ్చి రెండు రాత్రులు నడిపిస్తే వాసన పోతుందని అమ్మే ఆయన గట్టిగా చెబుతున్నారు. మా చిన్న పాపకు ఇంకా ఏడాది నిండలేదు, ఇప్పుడిప్పుడే పాకుతోంది. ఆయన మాట నమ్మి కొనవచ్చా?

చక్రాలిల్లు
కొనండి. సిగరెట్ వాసన అనగానే అందరూ వెనక్కి తగ్గుతారు కాబట్టే ఇంత మంచి బండి మీ ధరలో దొరికింది. ఓజోన్ పనిచేస్తుంది. అగ్నిప్రమాదం జరిగిన ఇళ్లను బాగుచేసేవాళ్లు పొగ వాసనకు వాడేది అదే. అల్మారాలు, సొరుగులు, ఫ్రిజ్ తలుపు అన్నీ తెరిచి, ఏసీలో ఫ్యాను మాత్రం వేసి, యంత్రాన్ని మధ్యలో పెట్టండి. అది నడిచినంతసేపూ మనుషులు గానీ పెంపుడు జంతువులు గానీ లోపల ఉండకూడదు. తరువాత కిటికీలన్నీ తెరిచి గాలి బాగా ఆడనివ్వండి. బండి వెనక తగిలించుకునే మా ట్రైలర్‌కు ఇలాగే చేశాం, ఇప్పుడు ఎవరూ వాసన పట్టలేరు.

రసాయనశాల
చక్రాలిల్లు గారూ, మిగతా విషయాల్లో మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది, ఇందులో మాత్రం ఒప్పుకోలేను. ఇది గాలిలో తేలే వాసన కాదు. గోడలకు, కప్పుకు, మెత్తలకు పట్టిన నికోటిన్, తారు జిగురు. ఓజోన్ దాన్ని తుడిచిపెట్టదు. దానితో కలిసి వేరే పదార్థాలుగా మారుస్తుంది. నికోటిన్, ఓజోన్ కలిసినప్పుడు ఫార్మాల్డిహైడ్, అతి సూక్ష్మమైన కణాలు పుడతాయని ప్రయోగాల్లో తేలింది. మనుషులకు హాని చేయని మోతాదులో ఓజోన్ ఇంటి గాలిని శుభ్రం చేయలేదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ స్పష్టంగా చెబుతోంది. పైగా సహజ రబ్బరును పగుళ్లిచ్చేలా చేసేది కూడా ఈ ఓజోనే.

చక్రాలిల్లు
ఆ సంస్థ చెప్పింది మనుషులు ఉన్న గదుల్లో రోజంతా నడిపే యంత్రాల గురించి. నేను చెబుతున్నది ఖాళీ బండి గురించి. రెండింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

రసాయనశాల
ఆ తేడా ఉన్న మాట నిజమే. మనుషులు లేని చోట ఓజోన్ వాడతారని ఆ సంస్థ కూడా రాసింది. అయితే అలా వాడిన తరువాత లోపల ఏ రసాయనాలు మిగిలిపోతాయో పెద్దగా తెలియదని అక్కడే రాసింది. పాకే పాప విషయంలో నేను పట్టుబడుతున్నది ఆ మాట మీదే.

ఆర్‌వీకి ప్రత్యేకంగా వర్తించేది ఇంకొకటి ఉంది. లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఉపరితలాలకు అంటిన నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ కారకమైన నైట్రోసమైన్లుగా మారుతుంది. ధూమపానం చేసే ఒకరి ట్రక్కు లోపల కూడా వాటిని కనుగొన్నారు. పొగ గొట్టం లేని గ్యాసు పొయ్యిల నుంచి నైట్రస్ ఆమ్లం వస్తుంది. ఆర్‌వీలో ప్రొపేన్ గ్యాసు పొయ్యి మంచానికి నాలుగు అడుగుల దూరంలోనే ఉంటుంది కదా! ముక్కుకు వాసన తగలనంత మాత్రాన గోడ మీది జిగురు పోయినట్టు కాదు.

వడ్రంగి పని
ఇద్దరూ యంత్రం దగ్గరే ఆగిపోయారు. పాత ట్రైలర్ల లోపలి భాగాలు విప్పి మళ్లీ కట్టడం నా వృత్తి, కాబట్టి పని వరస చెబుతాను. ఆస్టిన్ వాసి గారూ, ముందు గోడకు ఉన్న గడియారమో, ఏదైనా పటమో తీసి చూడండి. దాని వెనక తెల్లగా, చుట్టూ పసుపు పచ్చగా ఉంటే ఎంత జిగురు పేరుకుందో అక్కడే తెలుస్తుంది. తరువాత తడిపిన తెల్ల గుడ్డతో డ్రైవర్ సీటు పైన కప్పును ఒక్కసారి తుడవండి. టీ రంగు చార వస్తే వట్టి యంత్రంతో అయ్యే పని కాదు. బాత్రూములో వేడినీళ్లు కాసేపు వదిలి తలుపు మూసి చూడండి. గోడల మీద గోధుమరంగు చుక్కలు జారితే ధర ఇంకా తగ్గించమని అడగండి.

కొన్నాక మొదటి పని మెత్తటివన్నీ బయట పారేయడం. కార్పెట్, పరుపు, మడతల పరదాలు వేటినీ ఉంచవద్దు. మెత్తలకు తొడుగులు మార్చి సరిపెట్టుకునేవాళ్లు ఎక్కువ, కానీ పొగ లోపలి ఫోమ్‌లో దాక్కుంటుంది. ఎండకు బండి వేడెక్కగానే మళ్లీ బయటికి వస్తుంది. కొత్త ఫోమ్ కొలతకు కోయించుకోండి. కప్పుకు గుడ్డ అంటించి ఉంటే దాన్ని కూడా ఊడదీయాలి.

తరువాత కడగడం. ట్రైసోడియం ఫాస్ఫేట్ అనే శుభ్రపరిచే పొడి కలిపిన నీళ్లు తారును విడదీస్తాయి, చేతులకు తొడుగులు తప్పనిసరి. గోడను కింద నుంచి పైకి కడగండి. పైనుంచి మొదలుపెడితే మురికి నీరు పొడి గోడ మీదికి కారి, వదలని చారలు పడతాయి. మంచినీళ్లతో తుడిచాక వెనిగర్ నీళ్లతో ఇంకొకసారి తుడవండి. నికోటిన్ క్షారం కాబట్టి ఆమ్లం తగిలితే లవణంగా మారి నీటిలో కరుగుతుంది. బ్లీచింగ్ ద్రావణాన్ని మాత్రం వెనిగర్ దగ్గరికి కూడా రానీయకండి, విషవాయువు పుడుతుంది.

చాలామంది మరిచిపోయేది పైకప్పు ఏసీ. కరెంటు తీసేసి మూత విప్పండి. లోపలి రేకుల మధ్య నూనె పట్టిన దువ్వెనలా జిగురు, దుమ్ము పేరుకుని ఉంటాయి. వాటిని కడగకపోతే మీరు చేసిన పనంతా మొదటి మధ్యాహ్నం ఏసీ వేయగానే వృథా.

అన్నీ ఆరాక గోడలకు, కప్పుకు రంగుకు ముందు వేసే, లక్క కలిసిన ప్రైమర్ రెండు పూతలు వేయండి. మిగిలిన వాసనను లోపలే బంధించడంలో నీటితో చేసిన రంగులు దానికి సాటిరావు. అది ఆల్కహాల్‌లో కలిపినది, ఆవిరికి మంట అంటుకుంటుంది. ప్రొపేన్ వాల్వు మూసి, ఆ గ్యాసుతో నడిచే ఫ్రిజ్ లోని మంట ఆరిందని చూసుకున్నాకే డబ్బా తెరవండి.

చక్రాలిల్లు
ఇంత చేశాక చివర్లో ఒక రాత్రి ఓజోన్ పెడితే తప్పేమిటి?

రసాయనశాల
జిగురు పోయాక అభ్యంతరం తగ్గుతుంది. కానీ అప్పుడు దాని అవసరమే ఉండదు.

ఇద్దరు పిల్లల అమ్మ
ఇంతమంది ఎలా కడగాలో చెప్పారు గానీ, కొనవద్దని ఒక్కరూ అనలేదు. సాండియాగో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం కోసం ధూమపానం చేసేవాళ్లు ఖాళీ చేసిన ఇళ్లను పరీక్షించారు. రెండు నెలలు ఖాళీగా ఉంచి, శుభ్రం చేసి కొత్తవాళ్లకు ఇచ్చాక కూడా అక్కడ నికోటిన్ దొరికింది. ఇంట్లో ఎన్నో గదులుంటాయి. ఆర్‌వీలో పాప పాకేదీ, మీరు వండేదీ, అందరూ పడుకునేదీ ఒకే చోట. పాప నేల తాకిన చేతినే నోట్లో పెట్టుకుంటుంది. తగ్గిన ధర ఫోమ్‌కు, నేలకు, రంగులకే అయిపోతే మీకు మిగిలేది ఏమిటి? పొగ తాగనివాళ్ల బండి దొరికేదాకా ఆగండి.

వడ్రంగి పని
పాప ఉంది కాబట్టి అమ్మగారి మాటకు నేను అడ్డు చెప్పను. నేను చెప్పిన పనంతా చేయగల ఓపిక, ఖర్చు పెట్టగల స్తోమత ఉంటేనే కొనండి. సగం చేసి వదిలేయడం అన్నిటికంటే నష్టం.

ఆస్టిన్ వాసి
అందరికీ ధన్యవాదాలు. శనివారం తెల్ల గుడ్డ పట్టుకుని మళ్లీ వెళ్తున్నాను. మధ్యాహ్నం ఎండలో, కిటికీలు మూసి ఏసీ వేసి చూస్తానని అమ్మే ఆయనకు చెప్పాను. మెత్తలు, నేల, రంగులకు అయ్యే ఖర్చు ధరలో తగ్గించడానికి ఆయన ఒప్పుకోకపోతే ఈ బండి వదిలేస్తాను. ఒప్పుకున్నా, పని మొత్తం పూర్తయ్యేవరకు పాపను అందులోకి ఎక్కించం.