నవ్వని, ఏడవని పది నెలల బాబు: పరీక్ష చేయించాలా, వదిలేయాలా?

గోదారిగట్టు: మా చెల్లెలి కొడుకు పిలిస్తే తల తిప్పడు, ముఖంలోకి చూడడు, ఆకలేసినా పెద్దగా ఏడవడు. టీకాకి వెళ్తే డాక్టరు వినికిడి పరీక్ష రాసి, రెండు వారాలాగి మళ్ళీ తెమ్మన్నారు. అత్తగారేమో "మా వాడూ అంతే" అంటున్నారు. ఇంట్లో రెండు జట్లయ్యాం.

పాతకాపు: అత్తగారి మాటే రైటు. మా పెద్దాడు రెండేళ్ళ దాకా ఎవరి చంకా ఎక్కలేదు, ఇవాళ బ్యాంకు మేనేజరు. మా మనవరాలికి మాత్రం స్కాన్ల మీద స్కాన్లు తీసి, ఏం లేదన్నారు.

నీలిమబ్బు: కొత్తవాళ్ళని చూసి అమ్మని కరుచుకుంటే అది సిగ్గు. అమ్మనే చూడకపోవడం వేరండీ. ఫ్రాన్సు వైద్యుడు ఆంత్వాన్ గెడ్నీ 2001లో దీనికో కొలత ప్రచురించాడు. రెండేళ్ళ లోపు పిల్లలకి. ముఖకవళికలు, చూపు, కదలిక, గొంతు, పలకరిస్తే చురుగ్గా బదులిస్తాడా... మొత్తం 8 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 4. మొత్తం 5కి చేరితే లోతుగా చూడాలి. అది జబ్బు పేరు కాదు. వెనక చెవుడు, నొప్పి, ఆటిజం, తల్లి దిగులు, ఏదైనా ఉండొచ్చు. అక్కడి అధ్యయనంలోనే ఏడాది వయసులో ఇలా ముడుచుకున్న పిల్లల్లో 3, 5 ఏళ్ళకి ప్రవర్తన సమస్యలు ఎక్కువ కనిపించాయి.

పాతకాపు: ఎక్కువంటే అందరికీ కాదుగా? చంటాడికి కూడా మార్కులా! ఆ పూట నిద్రమత్తులో ఉంటేనో?

నీలిమబ్బు: అందుకే కదా రెండు వారాలాగి మళ్ళీ చూసేది.

చిన్నారిలోకం: ఫోన్ చూపిస్తున్నారా?

గోదారిగట్టు: లేదండీ.

చిన్నారిలోకం: అందరూ అట్లాగే అంటారు.

కరీంనగర్‌పోరడు: అన్నా, ఆర్బీఎస్‌కే అని పిల్లల ఆరోగ్యానికి సర్కారు పథకం ఉంది. దాని కింద పిల్లల ఎదుగుదల లోపాలు చూసే జిల్లా డీఈఐసీ సెంటర్ల పైసలు తీసుకోరు. పోయి చూపిస్తే అయిపాయె, లొల్లెందుకు?

పాతకాపు: తల్లి దిగులన్నారు. అంటే పిల్లాడు నవ్వకపోతే తప్పు ఇంట్లోవాళ్ళదా?

నీలిమబ్బు: తప్పని ఎవరన్నారు? 1970ల్లో అమెరికాలో ట్రానిక్ అనే మనస్తత్వవేత్త చూపించాడు: తల్లి కాసేపు ముఖం బిగించి కూర్చుంటే బిడ్డ చేతులు చాస్తుంది, పిలుస్తుంది, చివరికి చూపు తిప్పేస్తుంది. తల్లి బాగుంటేనే బిడ్డకి బదులు దొరుకుతుంది. కాన్పయ్యాక మీ కోడలు ఎలా ఉందని ఎవరైనా అడిగారా?

పాతకాపు: మా కోడలి ఊసు మీకెందుకు? పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్ళి ఏడాదైంది! మాతో ఒక్క మాట అనకుండా స్కాన్లకి తీసుకెళ్ళింది. ముగ్గురిని పెంచినవాళ్ళం, మాకేం తెలీదనా?

చిన్నారిలోకం: ఫోనేనండీ అసలు కారణం. రెండేళ్ళ లోపు వద్దని పిల్లల డాక్టర్ల సంఘమే చెప్పింది.

గోదారిగట్టు: ఫోన్ సంగతి వదిలేయండి. మా చెల్లికి కాన్పైన దగ్గర్నుంచీ నిద్ర లేదు, మాట లేదు. అది అత్తగారి ముందు ఎత్తలేక పరీక్ష మీద పోట్లాడుకుంటున్నాం. శనివారం తీసుకెళ్తున్నాం.

నీలిమబ్బు: అదే పూట చెల్లినీ చూపించండి.

పాతకాపు: అత్తగారిని కూడా వెంటబెట్టుకెళ్ళండి. చెప్పకుండా వెళ్తేనే మండుతుంది.